పెట్టెలో రాజు గారి గొంతు

చిట్టియ్య షెడ్డు తాళాలు అరుగు మీద పెట్టి వెళ్ళి మూడు రోజులైంది. ఆ గుత్తిని ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు. పనిమనిషి అరుగు తుడిచేటప్పుడు దాని చుట్టూ తుడిచి, ఆ జానెడు చోటూ పొడిగా వదిలేస్తోంది.

సీతారామరాజు గారు పొద్దున పేపరు చదివేదీ, సాయంత్రం కాళ్ళు కడుక్కుని కూర్చునేదీ ఆ అరుగు మీదే. ఇప్పుడు తాళాలకి వీపు పెట్టి కూర్చుంటున్నారు. మూడో చెరువులో రొయ్యంతా ఒక్క తెల్లవారుజామున తేలిపోయాక ఆయన కొడుకు ఆదిత్యతో మాటలు మానేశారు. ఆదిత్య పెళ్ళాం హైమతో మాటలు తగ్గించాడు. రాజు గారి భార్య సూర్యకాంతమ్మ గారు మాత్రం అందరి వంతూ తనే మాట్లాడుతున్నారు.

"ఒకరికి పదింటికి, ఒకరికి పన్నెండింటికి, ఒకరికి ఆకలే లేదు. ఇదేమైనా పాలకొల్లు బస్టాండు పక్క హోటలా?" అని ఆవిడ వంటింట్లోంచి ఎవరినీ పేరు పెట్టకుండా అడిగారు.

చిట్టియ్య ఆ చెరువుల మీద ఇరవై రెండేళ్ళుగా ఉన్న మనిషి. అవి వరిచేలుగా ఉన్నప్పటినించీ ఉన్నాడు. తెల్లారి గట్టు వెంబడి చచ్చిన రొయ్య తేలి ఉంటే, రాజు గారు అతన్ని అడిగింది ఒకటే మాట: "నిద్రపోయావా?"

చిట్టియ్య తలొంచుకుని "ఆయ్" అన్నాడు.

అంతటితో విచారణ అయిపోయింది. మధ్యాహ్నానికి తాళాలు అరుగు మీదికొచ్చాయి. సాయంత్రానికి చుట్టుపక్కల చెరువుల వాళ్ళందరికీ చిట్టియ్య నిద్రపోయిన సంగతి తెలిసిపోయింది. కాపలా మనిషికి ఆ పేరొచ్చాక ఇంకో గట్టెక్కే దారుండదు.

ఇదంతా పెట్టె వచ్చిన పన్నెండో రోజున జరిగింది. పెట్టె తెచ్చింది హైమ.

ఊళ్ళో ఇంటికో సెల్లు వస్తున్న రోజులవి. హైమ హైదరాబాదులో ఒక కంపెనీకి పని చేస్తుంది. నెలకోసారి వెళ్ళొస్తుంది, మిగతా పని మేడ మీద గదిలో కూర్చుని చేస్తుంది. యంత్రాన్ని తయారు చేసేవాళ్ళు వేరే ఉన్నారు. ఆ యంత్రం మనిషిని ఏమడగాలి, మనిషి ఎక్కడ నొక్కాలి, నొక్కితే ఏం జరగాలి అన్నవి తేల్చడం హైమ వంతు. దాన్ని ఇంటరాక్షన్ డిజైన్ అంటారని ఆదిత్య భీమవరం చుట్టాలకి ఓపిగ్గా చెప్పేవాడు. చుట్టాలు అంతా విని, "అంటే మీ ఆవిడ బొమ్మలు గీస్తుందన్నమాట" అనేవారు.

మూడో చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లని చూసుకునే పెట్టె అది. షెడ్డు గోడకి బిగించారు. ఏరేటర్లు మూడు గంటలు ఆగకుండా తిరిగితే మోటార్లు వేడెక్కుతాయి. అప్పుడు పెట్టె ఒక ప్రశ్న అడుగుతుంది. ఆకుపచ్చ బటన్ నొక్కితే ఆగుతాయి, ఎర్ర బటన్ నొక్కితే తిరుగుతూనే ఉంటాయి. గాలి వీస్తుంటే కాసేపు ఆపొచ్చు. గాలి లేని రాత్రి ఆపితే నీళ్ళలో ఊపిరాడక రొయ్య చస్తుంది. ఏ రాత్రి ఎలాంటిదో చెరువు మీదున్న మనిషికే తెలుస్తుంది గనక ఆ తీర్పు చిట్టియ్యకే వదిలేయాలని హైమ కంపెనీలో నెలరోజులు వాదించి గెలిచింది.

చిట్టియ్యకి చదువు రాదు. అందుకని పెట్టె చేత మాట్లాడించాలన్నారు. అలవాటైన గొంతైతే బెదరడనుకుని హైమ మామగారి గొంతు రికార్డు చేసింది. ఆయన ఆ రోజు గడ్డం గీయించుకుని, ఉతికిన పంచె కట్టుకుని మరీ కూర్చున్నారు. హైమ రాసిచ్చింది "ఏరేటర్లు ఆపుదామా?" అని మాత్రమే. ఆయన దాని ముందు "ఏం చిట్టియ్యా" అని తనంతట తనే కలిపారు. బాగుందనిపించి హైమ ఉంచేసింది. ఆ తర్వాత ఎవరొచ్చినా ఆయన షెడ్డుకి తీసికెళ్ళి వినిపించేవారు. "నలభై ఏళ్ళు ఇంట్లో విన్నది చాల్లేదు, చెరువు గట్టు మీద కూడా పెట్టేరు" అని సూర్యకాంతమ్మ గారు నవ్వేవారు.

అప్పుడు అందరూ నవ్వారు.

మంగళవారం మధ్యాహ్నం హైమ మేడ దిగొచ్చి, భోజనం చేస్తున్న ఆదిత్య పక్కన రెండు కాగితాలు పెట్టింది. పెట్టె తన జ్ఞాపకంలో దాచుకున్న లెక్క అది. ఏ రోజు ఎన్నింటికి అడిగింది, ఏ బటన్ నొక్కారు అన్నీ ఉన్నాయి.

ఆదిత్య చూడలేదు. గురువారం కంపెనీ వాళ్ళు వస్తున్నారనీ, వాళ్ళకి నచ్చితే అలాంటివి రెండొందలు తయారవుతాయనీ, భీమవరం చుట్టుపక్కల వాటిని పెట్టించే పని తనకిస్తామన్నారనీ గుర్తు చేశాడు. రొయ్య పోయింది, సరే. మనిషి నిద్రపోతే యంత్రం ఏం చేస్తుంది?

"నిద్రపోయినవాడు బటన్ ఎలా నొక్కాడు?" అంది హైమ.

ఆదిత్య ముద్ద ఆపాడు.

"నాలుగూ అయిదుకి పెట్టె అడిగింది. అడిగిన రెండు సెకన్లకి ఆకుపచ్చ నొక్కారు. మెలకువగా ఉన్నవాడే నొక్కాలి."

"నొక్కి పడుకుని ఉంటాడు. వాడే ఒప్పుకున్నాడు కదా. ఒప్పుకున్నదాన్ని నువ్వెందుకు తవ్వుతావు?"

ఆమె రెండో కాగితం ముందుకి జరిపింది. పన్నెండు రోజుల్లో పెట్టె ముప్ఫై ఒక్క సార్లు అడిగింది. ముప్ఫై ఒక్క సార్లూ ఆకుపచ్చే. ఎర్ర బటన్ మీద ఒక్కసారీ వేలు పడలేదు. అంతకుముందు రాత్రులన్నీ గాలి ఉంది గనక ఏమీ కాలేదు.

మొదటి వారం ఇలాంటి కాగితాలే చూసి హైమ సంతోషించింది. రెండే సెకన్లు, తడబాటు లేదు, చదువు రాని మనిషి ఎంత తొందరగా పట్టుకున్నాడో అని కంపెనీకి రాసింది కూడా. ఆ సంగతి ఆమె ఇప్పుడు మొగుడికి చెప్పలేదు.

"నువ్వేం తేల్చినా గురువారం దాటాక తేల్చు" అన్నాడు ఆదిత్య. కంచంలో చెయ్యి కడిగేశాడు.

*

చిట్టియ్య ఇంటికి వెళ్ళొస్తానని హైమ అంటే సూర్యకాంతమ్మ గారు ముందు ఒప్పుకోలేదు. తను కాపురానికొచ్చిన కొత్తలో గుడికెళ్ళాలన్నా బండికి తెర కట్టేవారనీ, రాజుల కోడలు పాలేళ్ళ పేటకి నడిచెళ్ళడం ఎవరూ ఎరగరనీ అన్నారు. ఇదంతా అన్నాక చెప్పులు తొడుక్కుని తనూ బయల్దేరారు.

"అత్తయ్య గారూ, అక్కడ మీరు అతన్ని ఏమీ అడగకూడదండి."

"నేనేం అడుగుతాను?"

"ఏదైనా సరేనండి."

ఆవిడకి కోపం వచ్చింది. పేటదాకా మాట్లాడలేదు.

చిట్టియ్య ఇంట్లో లేడు. పెళ్ళాం రత్నమాణిక్యం చాప తెచ్చి వేసింది. కూర్చోమనలేదు. సూర్యకాంతమ్మ గారు తనే కూర్చున్నారు. కూర్చున్నాక కోడలు చెప్పింది మర్చిపోయి, చిట్టియ్య అడిగినవాళ్ళకల్లా నిద్రపోయానని ఎందుకు చెప్పుకుంటున్నాడని రత్నమాణిక్యాన్ని అడిగారు.

"ఆయన్ని ఏం అడిగితే అది ఔనంటాడండి" అంది రత్నమాణిక్యం. "పెళ్ళిచూపులప్పుడు మా నాన్న, ఏరా కల్లు తాగుతావా అనడిగేడు. ఆయ్ అన్నాడు. వీధంతా తాగుబోతు సంబంధమనుకున్నారు. ఈనాటికీ కల్లు ముట్టలేదండి."

సూర్యకాంతమ్మ గారు నవ్వబోయి, కోడలి మొహం చూసి ఆగారు. హైమ రత్నమాణిక్యం వైపే చూస్తోంది.

"పెద్దోళ్ళడిగితే కాదనకూడదని వాళ్ళమ్మ పెంచిందండి. అలా పెంచినందుకే కదండి తవరు ఇన్నేళ్ళు పనిలో ఉంచుకున్నారు" అంది రత్నమాణిక్యం. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో గొంతులో తెలియలేదు.

చిట్టియ్య వచ్చాడు. చాప మీద పెద్దమ్మగార్ని చూసి వాకిట్లోనే నిలబడిపోయాడు. హైమ అత్తగార్ని లోపలికి, రత్నమాణిక్యం దగ్గరికి పంపింది. తను తెచ్చిన చెప్పుల అట్టపెట్టె తీసి అరుగు మీద పెట్టింది. దాని మీద రెండు బొట్టుబిళ్ళలు అంటించి ఉన్నాయి, ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు.

నిన్ను పరీక్ష చెయ్యడానికి రాలేదు, పెట్టెని పరీక్ష చేస్తున్నాను, నువ్వేం నొక్కినా తప్పు కాదు అని ఆమె చెప్పింది.

"ఆయ్" అన్నాడు చిట్టియ్య.

ఆ మాట వినగానే హైమకి నెల కిందటి సంగతి గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. ఆ రోజు కూడా ఇలాగే అట్టముక్కల మీద బొమ్మలు గీసి, అరుగు మీద మామగారు చూస్తుండగా, ఇతన్ని మెట్ల కింద నిలబెట్టి చూపించింది. అర్థమైందా అంది, ఆయ్ అన్నాడు. తేలిగ్గా ఉందా అంది, ఆయ్ అన్నాడు. ఏమైనా మార్చాలా అంటే దానికీ ఆయ్ అన్నాడు. అది మాట తడబాటనుకుని వదిలేసి, పుస్తకంలో 'బాగా అర్థమైంది' అని రాసుకుంది.

ఈసారి ఏమీ అడగలేదు. పెట్టె వెనక కూర్చుని పెట్టె బదులు తనే మాట్లాడింది. మూడు గంటలైంది, ఏరేటర్లు ఆపుదామా అంది.

చిట్టియ్య తలెత్తి కొబ్బరాకుల వైపు చూశాడు. ఒక్క రెబ్బా కదలడం లేదు. వేలు నెమ్మదిగా ఎర్రబొట్టు మీద పెట్టాడు.

ఇంకో నాలుగుసార్లు అడిగింది. గాలి వీస్తోందనుకో అని ఒకసారి చెబితే ఆకుపచ్చ నొక్కాడు. వాన పడబోతోందనుకో అంటే కాసేపు ఆలోచించి, మబ్బు పట్టిన పూట అస్సలు ఆపకూడదని చెప్పి ఎర్రది నొక్కాడు. ప్రతిసారీ ముందు ఆకాశం, తర్వాతే అట్టపెట్టె.

అప్పుడు ఆమె సెల్లు తీసి రికార్డు వినిపించింది.

"ఏం చిట్టియ్యా, ఏరేటర్లు ఆపుదామా?"

చిట్టియ్య భుజం మీది తువ్వాలు చేతిలోకొచ్చింది. కూర్చున్నవాడు సగం లేచాడు. వేలు ఆకుపచ్చ బొట్టు మీద ఉంది. కొబ్బరాకుల వైపు చూడలేదు.

హైమ సెల్లు ఆపింది. లోపల సూర్యకాంతమ్మ గారి గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది.

"ఆ తెల్లవారుజామున మొదట్నించీ ఏం జరిగిందో చెప్పు. నేను మధ్యలో అడగను."

అతను చెప్పడానికి చాలాసేపు పట్టింది. రెండింటి నించీ గాలి పడిపోయింది. గట్టు మీద దీపం పెట్టి చూస్తే రొయ్య అప్పటికే ఊపిరాడక ఒడ్డుకి చేరుతోంది. ఏరేటర్లు తిరుగుతున్నాయి కదా, తెల్లారితే తేరుకుంటుందనుకున్నాడు. ఇంతలో రాజు గారు అడిగారు.

"పెట్టేనని తెలుసండి. కానీ ఆదిత్యబాబు చెప్పేరు కదండి, ఇంట్లో కూర్చునే అన్నీ చూస్తామని. రాజు గారికి ఏదో కనబడే అడిగుంటారనుకున్నానండి. ఆయన 'ఆపుదామా' అంటే ఆపమనే కదండి. 'ఆ చేలో నీళ్ళు తీసేద్దామా' అంటే తీసేసేవోణ్ణి. 'కొబ్బరి దింపుదామా' అంటే దింపేవోణ్ణి. ఎప్పుడూ ఆయన అలాగే చెప్తారండి."

మరి పొద్దున ఆ మాట ఎందుకు చెప్పలేదన్నది హైమ అడగలేదు. అతనే చెప్పాడు.

"నొక్కేనని రాజు గారితో చెప్తే, తవరడిగేరు గనక నొక్కేనని చెప్పాలండి. అదెలా చెప్తామండి?"

తిరిగొస్తుంటే సూర్యకాంతమ్మ గారు కాలవ వంతెన మీద ఆగి, ఈ సంగతి మావయ్య గారికి చెప్పకపోతే ఏమవుతుందని కోడల్ని అడిగారు. హైమ చెప్పింది. అలాంటివి రెండొందల పెట్టెలు, ఒక్కోదాంట్లో ఒక్కో రాజు గారి గొంతు.

"సరే, పద" అన్నారావిడ.

*

బుధవారం సాయంత్రం సీతారామరాజు గారు కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక హైమ వెళ్ళి ఎదురుగా నిలబడింది. చెప్పవలసిందంతా ఒకే గుక్కలో చెప్పింది. ఆయన మధ్యలో ఆపలేదు. ఆదిత్య స్తంభం దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు.

వీధిలో ఎవరో మేత బస్తాల ట్రాక్టరు తోలుకుపోయారు. అది మలుపు తిరిగేదాకా ఆయన ఆగారు.

"అంటే మూడో చెరువుని చంపింది నేనంటావు."

"కాదండి. ఆ గొంతు పెట్టెలో పెట్టింది నేను. దాని చేత అలా అడిగించింది నేను. మీ ఎదురుగా అతన్ని నిలబెట్టి, అర్థమైందా అనడిగి, ఔనంటే నమ్మింది కూడా నేనేనండి."

"వాడు కాదని ఎందుకనలేదు? నేనేమైనా పులినా?"

వంటింటి గుమ్మంలోంచి సూర్యకాంతమ్మ గారన్నారు. "ఈ ఇంట్లో మీరడిగినదానికి కాదన్నవాళ్ళెవరో చెప్పండి."

"నువ్వు రోజూ అంటావుగా."

"అంటాను. అన్నాక మీరన్నదే చేస్తాను."

ఆయన పేపరు మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టారు. తర్వాత కోడల్నే అడిగారు, రేపు కంపెనీ వాళ్ళకి కూడా ఇదే చెబుతావా అని.

"చెబుతానండి."

"నా పేరుతోనా?"

"నా పేరుతోనండి. గొంతెవరిదని వాళ్ళడిగితే దాచను."

ఆదిత్య తలెత్తాడు. పెట్టెలు పెట్టించే ఆ పని తనకి దక్కదన్న సంగతి అతని మొహంలో అప్పుడే తెలిసింది. ఏదో అనబోయాడు. తండ్రి చెయ్యెత్తారు. నాలుగు రోజుల తర్వాత ఆయన కొడుకుతో అన్న మొదటి మాట, "పొద్దున్నే చిట్టియ్యకి కబురు పంపు" అని.

*

గురువారం ఎనిమిదింటికే చిట్టియ్య వచ్చాడు. రత్నమాణిక్యం గేటు బయటే ఆగింది. కంపెనీ వాళ్ళు రాజమండ్రిలో బయల్దేరామని ఫోను చేశారు. ఇంకో గంటన్నరలో ఇక్కడుంటారు. ఆదిత్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎక్కడ నిలబడాలో తెలియక గుమ్మానికీ గేటుకీ మధ్య తిరుగుతున్నాడు. చిట్టియ్య మళ్ళీ చెరువు మీద ఉంటే, తప్పు దిద్దుకున్నాం అని చెప్పుకోవచ్చునని అతని ఆశ. హైమకీ ఆ ఆశ లేకపోలేదు. కొత్త ప్రశ్నలు అతని చేతే రాయించాలని రాత్రే అనుకుంది.

సీతారామరాజు గారికి క్షమాపణలు అలవాటు లేవు. చిట్టియ్యని మెట్ల కిందే ఉంచకుండా అరుగు మీదికి రమ్మన్నారు. అదే ఆయనకి చేతనైనది. చిట్టియ్య ఒక మెట్టెక్కి అక్కడే ఆగాడు.

"నువ్వు నిద్రపోలేదని తెలిసింది" అన్నారాయన. "నలుగురికీ నేనే చెబుతాను."

చిట్టియ్య ఏమీ అనలేదు. ఆయ్ అని కూడా అనలేదు. ఆ సంగతి ముందుగా గమనించింది హైమ.

అలవాటైన చోట అలవాటైన మాట రాకపోవడంతో రాజు గారి గొంతు కొంచెం మెత్తబడింది.

"ఏం చిట్టియ్యా, రేపట్నించి మళ్ళీ పనిలోకొద్దామా?"

హైమ కళ్ళు మూసుకుంది. మళ్ళీ అదే ప్రశ్న, అదే గొంతు. ఇప్పుడు వచ్చే జవాబు జవాబు కాదని తనకి తెలుసు. మావయ్య గారూ, అలా అడక్కండి అనబోయింది.

"రానండి" అన్నాడు చిట్టియ్య.

మెల్లగానే అన్నాడు. తువ్వాలు భుజం మీదే ఉంది.

గేటు బయట రత్నమాణిక్యం కదిలింది. ఆవిడకి కూడా ఆ మాట కొత్తదేనని మొహం చెబుతోంది. సూర్యకాంతమ్మ గారు కాఫీ గ్లాసుతో గుమ్మంలోనే నిలబడిపోయారు. ఆదిత్య తండ్రి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, గేటు వైపు చూశాడు.

"నిద్రపోయావా అని తవరు అడిగేరండి" అన్నాడు చిట్టియ్య. "ఇరవై రెండేళ్ళయ్యాక అడిగేరు."

అతను దణ్ణం పెట్టి మెట్టు దిగాడు.

ఎక్కడికి వెళతావని, ఏం చేసుకుని బతుకుతావని, రాజు గారి పెదవి దాకా రెండు మూడు ప్రశ్నలు వచ్చినట్టే ఉంది. ఆయన ఏదీ అడగలేదు. అడిగితే ఇకనించి చిట్టియ్య దగ్గర నిజమైన జవాబు వస్తుందని ఆయనకి ఇప్పుడు తెలుసు.